రాయి కోసే పనిలో దగ్గు: రుమాలు చాలదు

మీ తమ్ముడు రాయి కోసే పనిలో చేరాక పొడిదగ్గు తగ్గట్లేదని, ముఖానికి రుమాలు కట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. రాతిలో ఉండే సిలికా అనే ఖనిజం కోసేటప్పుడు దుమ్ముగా లేస్తుంది. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే ఆ రేణువులు కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి, గుడ్డలోంచి సులువుగా దూరిపోతాయి.

ముందుగా, కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడే ఏర్పాటు ఉండాలి. దుమ్ము పుట్టినచోటే చాలావరకు అణిగిపోతుంది. అది యజమాని చేయాల్సిన పని, అడగడానికి మొహమాటం వద్దు. మాస్కు ఆ తర్వాతే. అదీ కనీసం ఎన్95 (సన్నని దుమ్మును వడకట్టే రకం) ఉండాలి, ముఖానికి బిగుతుగా అతుక్కోవాలి (గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి వెళ్తుంది). బట్టల మీది దుమ్మును ఎయిర్ గొట్టంతో ఊదుకోవడం మానేయమనండి.

సిలికోసిస్ (సిలికా దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వస్తే ఊపిరితిత్తులు మళ్లీ మామూలు స్థితికి రావు, టీబీ ముప్పు కూడా పెరుగుతుంది. అందుకే ఆలస్యం చేయకుండా ఛాతీ డాక్టరుకు చూపించండి. ఏం పని చేస్తాడో, ఎన్నాళ్లుగా చేస్తున్నాడో తప్పకుండా చెప్పి, ఎక్స్‌రే, టీబీ పరీక్షల గురించి అడగండి.