ఇంకా విడుదల కాని లినక్స్ మీదే అమ్మాయి ధ్యాసంతా.. మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ ఈసీఈ రెండో ఏడాది చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు గమనించాను, రాత్రి ఒంటిగంట దాకా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంటోంది. ఏం చేస్తున్నావమ్మా అంటే ఫెడోరా అనే లినక్స్‌లో బీటా వెర్షన్ వేశానంటుంది. అది ఇంకా విడుదలే కాలేదట. కింద ఉండే పట్టీని పైకి జరపడం, గడియారాన్ని మధ్యలో పెట్టడం, రంగులు, ఐకాన్లు మార్చడం.. ఇదే పని. మధ్యమధ్యలో ఏదో చెడిపోతుంది, అంతా తుడిచేసి మళ్లీ మొదటి నుంచి వేసుకుంటుంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో బ్యాక్‌లాగ్ ఉంది. మా తోడల్లుడి కొడుకు రోజూ కోడింగ్ ప్రాక్టీస్ చేస్తున్నాడు. ఆ మాట అంటే 'ఇదీ నేర్చుకోవడమే నాన్నా' అంటుంది. నాకు వీటి గురించి ఏమీ తెలియదు. దీంతో ఉద్యోగం వస్తుందా? లేక మాన్పించాలా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మాన్పించాల్సిన అవసరం లేదండీ. అయితే మీ ఉత్తరంలో బ్యాక్‌లాగ్ కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట ఇంకొకటుంది. చెడిపోతే అంతా తుడిచేసి మళ్లీ వేసుకుంటుందన్నారు చూడండి, అది. ఎందుకు చెడిందో చూడకుండా తుడిచేస్తే ఈ వ్యవహారంలో ఉద్యోగానికి పనికొచ్చే భాగమంతా దాంతోపాటే పోతుంది. మిగిలేది రంగులూ ఐకాన్లే.

ముందు బీటా సంగతి చెబుతాను. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, అందులో ఒక రకం ఫెడోరా. ఫెడోరా ఏడాదికి రెండు సార్లు, సాధారణంగా ఏప్రిల్, అక్టోబర్ నెలల చుట్టూ కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది. దానికి సుమారు నెల ముందు బీటా వస్తుంది. తయారు చేసినవాళ్ల దగ్గర ఉండేవి కొద్ది రకాల కంప్యూటర్లే. మీ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై చిప్, గ్రాఫిక్స్ కార్డు, టచ్‌ప్యాడ్ వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు. అందుకే రకరకాల మెషీన్ల మీద వేసి చూసి, తప్పులు దొరికితే చెప్పమని అందరికీ ఇస్తారు. అంటే ఇది దొంగచాటుగా సంపాదించిన సరుకేమీ కాదు. పిలిచి ఇచ్చేదే. కాకపోతే పిలిచింది పరీక్షించి చెప్పమని. వాడుకుని ఊరుకుంటే సగం పనే అయినట్టు.

ఆ మిగతా సగం ఎంత దూరం పోతుందో చెప్పడానికి 2024లో జరిగింది ఒకటుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మైక్రోసాఫ్ట్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పని చేస్తారు. ఆయన డెబియన్ లినక్స్‌లో ఇంకా స్థిరపడని వెర్షన్ వాడుతున్నారు. మెషీన్‌లోకి లాగిన్ కావడానికి మామూలుకన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని ఎవరైనా వదిలేస్తారు. ఆయన వదల్లేదు. తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఇతరుల మెషీన్లలోకి రహస్యంగా చొరబడటానికి ఎవరో కావాలని దొడ్డిదారి పెట్టినట్టు బయటపడింది. రెండేళ్లకు పైగా నమ్మకంగా పని చేస్తున్నట్టు నటించి, ఆ ప్రాజెక్టులో చోటు సంపాదించిన వ్యక్తి పని అది. మార్చి 29న ఫ్రాయిండ్ ఆ విషయం ప్రకటించారు. అప్పటికి ఆ వెర్షన్లు పరీక్ష దశలో ఉన్న, ఎప్పటికప్పుడు కొత్తవి తెచ్చుకునే లినక్స్‌లలోకే వచ్చాయి గానీ, సర్వర్లు ఎక్కువగా నడిచే స్థిరమైన వాటిలోకి చేరలేదు. అన్నీ సరిచూసుకోవడానికి ఉబుంటు 24.04 బీటాను వారం వెనక్కి జరిపారు.

మీ అమ్మాయి అంతటిది పట్టుకోవాలని కాదు. ఫ్రాయిండ్‌కు ముందు నుంచే ఎంతో అనుభవం ఉంది. కానీ 'ఇది నిన్న ఇలా లేదే, ఇవాళ ఎందుకిలా ఉంది?' అని ఆగి చూడటం రెండో ఏడాదిలోనే అలవాటు చేసుకోవచ్చు. కంపెనీల్లో టెస్టింగ్, సపోర్ట్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీదకు చేర్చి నడిపించే పని).. పేరేదైనా రోజూ చేసే పని చాలావరకు అదే.

ఇక ఇంటర్‌ఫేస్, అంటే తెర రూపం, మార్చుకోవడం. ఇక్కడ నేను కొంచెం మీ పక్షమే. ఎవరో చేసిన థీమ్ దించుకుని పెట్టుకోవడం ఇంటికి రంగులేయించడం లాంటిది, దాంతో మేస్త్రీ పని వచ్చేయదు. స్క్రీన్‌షాట్ ఎంత అందంగా ఉన్నా రెజ్యూమెలో దానికి చోటు లేదు. పైగా థీమ్‌లతో ఒక ప్రమాదం కూడా ఉంది. బార్లు, గడియారాలు ఇలా కావలసినట్టు జరుపుకోవడానికి పేరున్నది కేడీఈ అనే బృందం చేసే ప్లాస్మా డెస్క్‌టాప్, అంటే తెర రూపాన్ని నడిపే సాఫ్ట్‌వేర్. ఫెడోరాలో అదీ దొరుకుతుంది, మీ అమ్మాయి వాడేది బహుశా అదే. ప్లాస్మా 6 వెర్షన్ 2024 ఫిబ్రవరిలో విడుదలైంది. ఆ మరుసటి నెలలోనే, బయటివాళ్లెవరో చేసిన ఒక గ్లోబల్ థీమ్ వేసుకున్న ఒకరి ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అందులో దురుద్దేశం లేదు, రాసిన కోడ్‌లో పొరపాటు. గ్లోబల్ థీమ్ అంటే రంగుల డబ్బా కాదు, అది ప్రోగ్రామ్‌లను కూడా నడపగలదు అన్న విషయం చాలామందికి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత కేడీఈ వాళ్లే జాగ్రత్తలు చెప్పారు.

ఇక్కడి నుంచి ఈ కాగితం అమ్మాయికి ఇవ్వండి.

అమ్మా, నువ్వు మీ నాన్నతో అన్న మాట అబద్ధం కాదు. కానీ ఇప్పటిదాకా అది నిజమూ కాలేదు. ఇన్నాళ్లలో ఏం నేర్చుకున్నావో ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి ఏముంది నీ దగ్గర?

ప్యానెల్ పైకి పోయాక నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ డెస్క్‌టాప్ ఆగిపోతోందనుకో. తుడిచేయకు. సిస్టమ్ తన పనులన్నీ రాసుకునే లాగ్ తెరిచి ఆ నిమిషంలో ఏం రాసిందో చూడు. ప్లాస్మాలో ఏదైనా కూలిపోతే డాక్టర్ కోంకి అనే చిన్న విండో వస్తుంది. విసుగొచ్చి మూసేసి ఉంటావు. అది ఎక్కడ కూలిందో మొత్తం జాడ చూపిస్తుంది, ఆ జాడతోనే డెవలపర్లకు తప్పు గురించి రిపోర్టు పంపే దారి కూడా చూపిస్తుంది. కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చేసి అందులోనూ ఇలాగే అవుతుందేమో చూడు. అక్కడ అలా జరక్కపోతే తప్పు నీ సెట్టింగుల్లో ఉంది. అక్కడా అలాగే జరిగితే తప్పు బహుశా వాళ్లది. ఈ ఒక్క చిన్న పరీక్షతో సగం చిక్కు విడిపోతుంది, చాలామంది చేయనిదీ ఇదే.

రిపోర్టు రాసేటప్పుడు ముందు వెతుకు, అదే తప్పు ఇదివరకే ఎవరైనా చెప్పారేమోనని. లేకపోతే ఒక రిపోర్టులో ఒకే తప్పు రాయి. ఏం చేశావు, ఏం అవుతుందనుకున్నావు, ఏం అయింది, ఏ వెర్షన్, ఏ గ్రాఫిక్స్ కార్డు. పాత వెర్షన్‌లో బాగా పనిచేసి ఈ బీటాలో చెడిందా? అయితే ఆ మాట తప్పకుండా రాయి, విడుదలకు ముందు డెవలపర్లు అన్నిటికన్నా ముందు చూసేది అలాంటి వాటినే. ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, క్రమం ఉంటే చాలు. అవతలివాళ్లు 'ఇంకో వివరం కావాలి' అంటే రెండు రోజుల్లో జవాబివ్వు. రిపోర్టు పడేసి మాయమైపోయేవాళ్లంటే వాళ్లకు పడదు, న్యాయమే కూడా.

నీకు మాత్రమే కనబడే తప్పులు కొన్ని ఉంటాయి. డెస్క్‌టాప్ భాష తెలుగుకు మార్చి ఒకరోజు వాడి చూడు. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు చూసుకుని కట్టిన బార్‌లో 'లక్ష్మి' అని రాస్తే కింది వత్తు తెగిపోతుందా? గడియారం దగ్గర తేదీ, వారం పేరు సరిగా పడుతున్నాయా? లాగిన్ తెరలో తెలుగు కీబోర్డు ఎంచుకోవచ్చా? ఫైల్ పేరు తెలుగులో పెడితే వరుస క్రమం సరిగా వస్తోందా? బీటాను తెలుగులో పెట్టుకుని చూసేవాళ్లు చాలా కొద్దిమంది. నువ్వు చెప్పకపోతే ఆ తప్పు అలాగే విడుదలైపోతుంది.

అనువాదానికి కూడా ఇదే అదను. విడుదలకు కొంత ముందు మెనూల్లోని మాటలు ఇక మార్చకూడదని గడువు పెట్టుకుంటారు, స్ట్రింగ్ ఫ్రీజ్ అంటారు దాన్ని. అప్పటి నుంచి విడుదల దాకా ఉన్న వారాలు అనువాదకులవి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వాళ్లు చాలా ఏళ్లుగా తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం కృషి చేస్తున్నారు. అలాంటివాళ్లతో కలిసి పని చేస్తే మాటల ఎంపికలో తోడు దొరుకుతుంది. మెషీన్ ట్రాన్స్‌లేషన్ తెచ్చి కుమ్మరించకు. 'ఫైలును తెరువుము' లాంటివి ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి.

మరి రంగుల సరదా? మానక్కర్లేదు, ఒక మెట్టు పైకి తీసుకెళ్లు. ప్లాస్మా విడ్జెట్లు, అంటే ప్యానెల్‌లో పెట్టుకునే చిన్న ప్రోగ్రామ్‌లు, క్యూఎంఎల్, జావాస్క్రిప్ట్ అనే భాషలతో రాస్తారు. మీ హాస్టల్ మెస్‌లో ఇవాళ ఏం కూరో ప్యానెల్‌లో చూపించే విడ్జెట్ ఒకటి రాయి. వంద వరుసలు కూడా పట్టకపోవచ్చు. మీ ఫ్లోర్‌లో లినక్స్ ఉన్న ఇంకో ఇద్దరి చేత వాడించు. ఒకరి స్క్రీన్‌లో అక్షరాలు పెద్దవి, ఇంకొకరు డార్క్ థీమ్ వాడతారు, నీ విడ్జెట్ అక్కడ చెడిపోతుంది. అప్పుడు తెలుస్తుంది ఇంటర్‌ఫేస్ డిజైన్ అంటే ఏమిటో. ప్లాస్మా 5 నుంచి 6కి మారినప్పుడు పాత విడ్జెట్లు చాలా పనిచేయకుండా పోయాయి, రాసినవాళ్లు కూర్చుని మార్చుకోవాల్సి వచ్చింది. వాటిలో ఇంకా మార్చనిది ఒకటి ఎంచుకుని నువ్వు 6కి తేగలిగితే, కాలేజీలో అందరూ ఒకరి దగ్గర ఒకరు తీసుకునే మినీ ప్రాజెక్టులకన్నా అది ఎంతో నయం.

ఇప్పుడు మళ్లీ మీరు చదవండి సార్. ఉద్యోగం గురించి అడిగారు.

క్యాంపస్‌కు వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీలు మొదటి రౌండ్‌లో ఇవేమీ అడగవు. ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్ష, ఆ తర్వాతే ఇంటర్వ్యూ. కాబట్టి మీ తోడల్లుడి కొడుకు చేస్తున్నది వృథా కాదు, మీ అమ్మాయీ అది చేయాల్సిందే. తేడా ఇంటర్వ్యూలో వస్తుంది. 'నీ ప్రాజెక్టు గురించి చెప్పు' అన్నప్పుడు, నేను రాసిన రిపోర్టు ఇది, డెవలపర్ అడిగిన ప్రశ్నలు ఇవి, ఫలానా వెర్షన్‌లో సరిచేశారు అని చెప్పగలిగే పిల్లలు తక్కువ.

ఆమెది ఈసీఈ కావడం ఇక్కడ కలిసొస్తుంది. ప్లాస్మా కట్టింది క్యూటీ అనే టూల్‌కిట్ మీద. కార్లలో డ్రైవర్ ముందుండే తెరలు, వైద్య పరికరాల తెరలు, ఫ్యాక్టరీ ప్యానెళ్లు చేయడానికీ అదే క్యూటీ, అదే క్యూఎంఎల్ బాగా వాడుకలో ఉన్నాయి. ఆ పరికరాల్లో చాలావాటి లోపల ఉండేదీ లినక్సే. హైదరాబాద్‌లో హ్యుందాయ్, జెడ్‌ఎఫ్ లాంటి వాహన సంస్థలకు ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి, బెంగళూరులో ఇలాంటివి ఇంకా ఎక్కువ. ఉద్యోగ ప్రకటనల్లో ఎంబెడెడ్ లినక్స్ (ఇలా పరికరాల లోపల నడిచే లినక్స్), క్యూటీ, యోక్టో (అలాంటి లినక్స్ తయారుచేసే సాధనం), హెచ్‌ఎంఐ (మనిషి పరికరాన్ని నడిపే తెర) అనే మాటలతో ఒకసారి అమ్మాయినే వెతకమనండి. ఏం అడుగుతున్నారో ఆమె కళ్లతో ఆమే చూసుకుంటే మనం చెప్పేదానికన్నా బాగా ఎక్కుతుంది. ఇంకో దారి సర్వర్లు, సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్. దానికి లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే సర్టిఫికెట్ పరీక్ష ఉంది, అందులో బిట్లు ఉండవు, మెషీన్ మీద పని చేసి చూపించాలి. అయితే ఈసీఈ అమ్మాయికి నేను మొదట చెప్పేది ఎంబెడెడ్ దారే.

ల్యాప్‌టాప్ పాడవుతుందని టెన్షన్ వద్దు. ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా పోయేది డేటా, మెషీన్ కాదు. కానీ ఆమె విండోస్ పూర్తిగా తీసేసి ఉంటే మాత్రం అది సరిచేయించండి. ప్లేస్‌మెంట్ పరీక్షలకు వాడే కొన్ని సాఫ్ట్‌వేర్లు లినక్స్‌లో నడవవు, పరీక్షల కోసమే చేసిన సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కైతే లినక్స్ వెర్షనే లేదు. నా సలహా ఏమిటంటే ల్యాప్‌టాప్‌లో విండోస్ అలాగే ఉంచి, బయట తగిలించే ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనివ్వండి. బీటా దాని మీద వేసుకుంటుంది. అంతకుముందు విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకుని, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోమనండి. బూట్ సెట్టింగులు మారిస్తే విండోస్ అది అడుగుతుంది, ఆ కీ లేక ఫైళ్లన్నీ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

బ్యాక్‌లాగ్ విషయంలో మొహమాటం వద్దు. సప్లిమెంటరీ పరీక్ష అయ్యేదాకా బీటాలు బంద్, స్థిరమైన వెర్షన్ ఒకటి పెట్టుకుని అప్‌డేట్ కూడా చేయకుండా చదువుకోమనండి. ఆమె సరదాగా తిప్పే ఆడియో ఈక్వలైజర్ వెనక ఉన్నది ఆ సిగ్నల్స్ సబ్జెక్టే అని కూడా చెప్పండి, నవ్వుతుంది గానీ వింటుంది. తర్వాత సోమవారం నుంచి శుక్రవారం దాకా క్లాసులు, కోడింగ్ ప్రాక్టీస్. శని, ఆదివారాలు లినక్స్‌వి. రాత్రి ఒంటిగంట లెక్క మీరు చూడకండి. నెలకోసారి 'నువ్వు రాసిన రిపోర్టులు చూపించమ్మా' అని అడగండి. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, అవతలి నుంచి జవాబు వచ్చిందా లేదా అన్నది మీకూ తెలుస్తుంది.

ఒక తేదీ మాత్రం గుర్తుంచుకోవాలి. కొత్తవాళ్ల చేత ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, స్టైపెండ్ కూడా ఇస్తారు, 18 ఏళ్లు నిండాలి. కేడీఈ, అలాంటిదే ఇంకో డెస్క్‌టాప్ చేసే గ్నోమ్ రెండూ అందులో ఎన్నోసార్లు పాల్గొన్నాయి. ఎంపికైన సంస్థల జాబితా మామూలుగా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చి రెండో సగంలో మొదలవుతాయి. దరఖాస్తు రోజున మొదటిసారి కనబడే పేరుకన్నా, అప్పటికే నాలుగు రిపోర్టులు, ఒకటి రెండు చిన్న సవరణలు పంపిన పేరు మెంటర్లకు గుర్తుంటుంది. కాబట్టి సప్లిమెంటరీ అయిపోయాక వచ్చే మొదటి బీటాతోనే మొదలుపెట్టమనండి.