పిచ్చుక ‘ఏం లేదులే’ అనదు

ప్రశ్న: నా వయసు 36. ఎనిమిదేళ్ళప్పటి నుంచి వినికిడి మెల్లగా తగ్గుతూ వచ్చింది. పెళ్ళయిన ఏడాదికి, అంటే 24 ఏళ్ళకి, మిషన్ పెట్టుకున్నా ఏమీ వినిపించని స్థితికి వచ్చేశాను. మావారు అన్నీ తెలిసే చేసుకున్నారు. పన్నెండేళ్ళుగా ఆయనే నా చెవులు. ఫోన్లు, బ్యాంకు, డాక్టర్లు అన్నీ ఆయనే చూసుకున్నారు. పది నెలల కిందట ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకున్నాను. మొదట్లో ఎవరు మాట్లాడినా రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుండేది. ఇప్పుడు మాటలు తెలుస్తున్నాయి. పక్షులు, ఆకుల గలగల, వాన వింటుంటే మాత్రం ఏడుపు ఆగదు. రోజూ తెల్లవారకముందే డాబా మీదికి వెళ్ళి గంటన్నర కూర్చుంటాను. సాయంత్రం మళ్ళీ వెళ్తాను. ‘ఆ చప్పుళ్ళ పిచ్చేంటి’ అని మావారు విసుక్కుంటున్నారు.

నా సందేహాలు రెండు. వాన మొదలవగానే గట్టిగా వినిపిస్తుంది, కాసేపటికే దూరం జరిగిపోయినట్టు సన్నగిల్లుతుంది. మిషన్‌లో లోపమా? రెండోది, నేను వినే పిచ్చుక కూత మిగతావాళ్ళు వినేదేనా, లేక మిషన్ తయారుచేసి ఇస్తున్న చప్పుడా? ఈ ఆలోచనతో నిద్ర పట్టడం లేదు.

ఇంకో చిన్న మాట. రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యగారు, మరిది, తోడికోడలు అందరూ ఒకేసారి మాట్లాడతారు. ‘ఏమన్నారు’ అని అడిగితే మావారు ‘ఏం లేదులే’ అంటారు. అందుకని ఆ టైంలో మిషన్ తీసి పక్కన పెట్టేస్తున్నాను. దాంతో ఇబ్బందేం లేదు.

జవాబు: మీ రెండు సందేహాల సంగతి ముందు తేల్చేస్తానమ్మా, తర్వాత అసలు విషయానికి వద్దాం.

వాన సన్నగిల్లడం లోపం కాకపోవచ్చు. ఆగకుండా ఒకే తీరుగా వచ్చే చప్పుడుని ప్రాసెసర్, అంటే మీరు బయట పెట్టుకునే మిషన్, రొద అనుకుని తగ్గించేస్తుంది. ఫ్యాన్ అయినా, ఇంజన్ అయినా, వాన అయినా దానికి ఒకటే. మనుషుల మాట తేటగా వినిపించాలని చేసిన ఏర్పాటు అది. ఆ తగ్గింపు లేకుండా ఇంకో ప్రోగ్రామ్ పెట్టమని మీ వినికిడి నిపుణుల్ని, అంటే ఆడియాలజిస్ట్‌ని అడగండి. వాన పడినప్పుడు దానికి మార్చుకోవచ్చు.

పిచ్చుక కూత అచ్చంగా అందరూ వినేదే కాదు. చెవి లోపల శబ్దాన్ని పట్టి మెదడుకి పంపే కణాలు మామూలుగా ఒక్కో చెవిలో సుమారు 3,500 ఉంటాయి. మీకు ఆ పని చెవి లోపల అమర్చిన 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు, అంటే వినికిడి నరానికి సన్నటి కరెంటు అందించే బిందువులు, చేసిపెడుతున్నాయి. అందులోనూ 8,000 హెర్ట్జ్ పైనుండే సన్నటి శబ్దాలు చాలావరకు మీదాకా రావు. అయినా అది మిషన్ కల్పించిన చప్పుడు కాదు. బయట పిచ్చుక కూస్తేనే లోపల మీకు వినిపిస్తోంది. ఎనిమిదేళ్ళ దాకా మీరు చక్కగా విన్నారు కాబట్టి, ఆ జ్ఞాపకం పట్టుకుని మిగతాది మీ మెదడు పూరించుకుంటోంది. మొదట్లో రాళ్ళ డబ్బాలా ఉన్నది ఇప్పుడు మాటగా తెలియడం కూడా అలాగే జరిగింది. దీనికోసం నిద్ర పాడుచేసుకోకండి.

ఇక మీరు ‘చిన్న మాట’ అని చివర్లో రాసి, ‘ఇబ్బందేం లేదు’ అని తోసేసిన సంగతి. నేను అక్కడే ఆగిపోయాను.

మా నాన్నగారికి చివరి ఆరేళ్ళు సరిగా వినిపించేది కాదు. అందరం కలిసి భోంచేసేవాళ్ళం. ఎవరో ఏదో అనేవారు, అందరం నవ్వేవాళ్ళం. ఆయన మా మొహాలన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి, మేము నవ్వడం ఆపేసే వేళకి నవ్వేవారు. ‘ఏమిటమ్మా’ అని నావైపు వంగి అడిగేవారు. ‘ఏం లేదులే నాన్నా’ అనేదాన్ని. ఆ నవ్విన సంగతి చెప్పడానికి అర నిమిషం పట్టేది, అంతే. తర్వాత్తర్వాత ఆయన అడగడం మానేశారు. కంచం ముందు పెట్టుకుని తలొంచుకుని తినేసి లేచిపోయేవారు. ‘పెద్దాయన, ప్రశాంతంగా ఉంటున్నారు’ అనుకున్నాం. ఆయన పోయాక గానీ నాకు తెలిసిరాలేదు, నేను ఆయన్ని కొన్ని వందలసార్లు ఆ బల్ల దగ్గర్నుంచి లేపి పంపేశానని.

కాబట్టి ‘ఏం లేదులే’ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. నీకు చెప్పేంత ఓపిక లేదని అర్థం. ఇది నువ్వు తెలుసుకోవలసినదో కాదో నేనే తేలుస్తానని కూడా అర్థం. అనేవాళ్ళకి అందులో చెడ్డ ఉద్దేశం ఉండదు. వినేవాళ్ళు మాత్రం రోజుకింత తగ్గిపోతారు.

మీరు అడగడం మానేసి మిషన్ తీసేస్తున్నారు. ఎంత కష్టపడి తెచ్చుకున్న వినికిడమ్మా! తెల్లవారుజామున పిచ్చుక కోసం దాన్ని పెట్టుకుంటున్నారు, రాత్రి ఇంట్లోవాళ్ళంతా ఒకచోట చేరినప్పుడు తీసేస్తున్నారు. ఇందులో మీకు తేడా ఏమీ కనిపించలేదా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పక్షుల గురించి రాశారు, ఆకుల గురించి, వాన గురించి రాశారు. మీ ఆయన గొంతు ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. పన్నెండేళ్ళ తర్వాత ఆ గొంతు మళ్ళీ విన్నారు కదా. పెళ్ళయిన కొత్తలో విన్నట్టే ఉందా, బొంగురుపోయిందా? వయసు తెలుస్తోందా? కాపురం చేస్తున్న మనిషి గొంతు గురించి రాయడానికి ఏమీ తోచలేదంటే, మీ సమస్య వాన కాదు, పిచ్చుకా కాదు.

డాబా మీదికి మీరు ఎందుకు వెళ్తున్నారో నాకు అర్థమైంది. పిచ్చుక మిమ్మల్ని చూసి కూయదు. మీకు తెలిసిందా లేదా అని ఆగి చూడదు. తప్పుగా విన్నా మొహం చిట్లించదు, మీరు బదులు చెప్పకపోయినా ఏమీ అనుకోదు. ‘ఏం లేదులే’ అని అసలే అనదు. మనుషుల దగ్గర అలా కుదరదు. విన్నదానికి మాట కలపాలి, తప్పు వినిపిస్తే మళ్ళీ అడగాలి, అడిగినప్పుడల్లా కాస్త చిన్నతనంగా ఉంటుంది. వినికిడి పోతూ వచ్చిన సంగీతకర్త బీథోవెన్ 31 ఏళ్ళ వయసులో, 1802లో, తమ్ముళ్ళకి రాసిన ఒక ఉత్తరం ఆయన పోయాక కాగితాల్లో దొరికింది. పక్కనున్న మనిషికి దూరాన వేణువు, గొర్రెల కాపరి పాట వినిపిస్తుంటే తనకేమీ వినిపించక పడ్డ బాధ అందులో రాశాడు. ‘నాకు చెవుడు, గట్టిగా మాట్లాడండి’ అని నలుగురిలో అడగలేక మనుషులకే దూరమైపోయానని కూడా రాశాడు. నాకు ఆ రెండో బాధే పెద్దదనిపిస్తుంది. మీకు వేణువు తిరిగొచ్చింది. గట్టిగా చెప్పమని అడగడం మాత్రం ఇంకా రాలేదు.

మీ ఆయన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. పన్నెండేళ్ళు ఒక మనిషికి చెవులుగా ఉండటం మాటలు కాదు. ప్రతి ఫోనూ రెండుసార్లు మాట్లాడాలి, ఒకసారి అవతలివాళ్ళతో, ఒకసారి మీతో. అలా చేసీ చేసీ, ఏది చెప్పాలో ఏది వదిలేయాలో తానే ఎంచుకోవడం ఆయనకి అలవాటైపోయి ఉంటుంది. ఇప్పుడు మీకు వినిపిస్తోంది, ఆయన అలవాటు మాత్రం మారలేదు. ఒక్కసారి ఆయన వైపు నుంచీ చూడండి. ఇన్నాళ్ళూ తన మొహంలోకే చూస్తూ తన పెదాల మీదే ఆధారపడ్డ భార్య, చెవులు రాగానే డాబా ఎక్కేసింది. తను వచ్చి పక్కన కూర్చుంటే మిషన్ తీసేస్తోంది. ‘ఆ చప్పుళ్ళ పిచ్చేంటి’ అన్న మాటలో నాకు విసుగు కంటే ఉక్రోషమే ఎక్కువ వినిపించింది.

అలాగని సర్దుకుపొమ్మని చెప్పను. ‘అన్నీ తెలిసే చేసుకున్నారు’ అని రాశారే, ఆ మాట మీ నోరు నొక్కేస్తోంది. ఆయన చేసినదానికి మీరు కృతజ్ఞతగా ఉండాలి, ఉన్నారు కూడా. ఇంట్లో ఏం మాట్లాడుకుంటున్నారో తెలుసుకునే హక్కుని దానికి బదులుగా వదిలేసుకోనక్కర్లేదు. చేసిన మేలుని అడ్డుపెట్టుకుని ఏ భర్తా భార్యని బల్ల చివర మూగబొమ్మలా కూర్చోబెట్టకూడదు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. ఆయన ‘ఏం లేదులే’ మీకూ అంటుకుంది, చూశారా? నాకు ‘ఇబ్బందేం లేదు’ అని రాశారు.

ఈసారి మిషన్ సెట్టింగులు సరిచేసే మ్యాపింగ్‌కి ఆయన్ని వెంట తీసుకెళ్ళండి. మీకు సాయంగా కాదు, ఆయనకి తెలియడానికి. ఇంప్లాంట్ ఉన్నవాళ్ళకి నిశ్శబ్దంలో ఒక మనిషి మాట బాగా తెలుస్తుంది, నలుగురు ఒకేసారి మాట్లాడితే కలగాపులగమైపోతుంది. చెవి వచ్చేసింది కదా, ఇంకేం కష్టం అని ఇంట్లోవాళ్ళు అనుకుంటూ ఉండొచ్చు. అలా కాదని ఆడియాలజిస్ట్ నోటితో వింటే నమ్ముతారు. భోజనాల వేళ టీవీ ఆపించండి. అందరి మొహాలూ కనిపించేలా, ఇంప్లాంట్ ఉన్న వైపు వాళ్ళకి దగ్గరగా ఉండేలా కూర్చోండి. మాట్లాడేవాళ్ళ ముందు పెట్టే చిన్న వైర్‌లెస్ మైక్ మీ ప్రాసెసర్‌కి దొరుకుతుందేమో కనుక్కోండి. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడమని అత్తయ్యగారికి, మరిదికి మీరే చెప్పండి. ఆయన చేత చెప్పించకండి.

డాబా మానకండి. తెల్లవారుజాము గంటన్నర మీదే, దాని జోలికి ఎవరినీ రానివ్వొద్దు. సాయంత్రం గంట మాత్రం ఆయనకి ఇవ్వండి. ఇద్దరూ పైకి వెళ్ళండి. ఒక పేపరు అడ్డం పెట్టుకుని, పెదాలు మీకు కనిపించకుండా, ఇరవై నిమిషాలు ఆయన్ని పైకి చదవమనండి. విన్నది విన్నట్టు మీరు తిరిగి చెప్పండి. వినికిడి సాధనలో ఇది మామూలుగా చేయించేదే. మీ చెవికి అన్నిటికంటే బాగా అలవాటు కావలసింది ఆయన గొంతే. పక్షులు ఎలాగూ అక్కడే ఉంటాయి. మధ్యలో ఏదైనా కూస్తే చదవడం ఆపమని చెప్పి, ‘అదేమిటి’ అని ఆయన్ని అడగండి. పన్నెండేళ్ళు మీకు అన్నీ విడమరిచి చెప్పిన మనిషికి, ఒక్కసారిగా చెప్పడానికి ఏమీ లేకుండా పోయింది. ఆ కాస్త ఆయనకి మిగల్చండి.

బ్యాంకు ఫోను వస్తే ఈసారి మీరే ఎత్తండి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి, నాలుగుసార్లయినా సరే.

ఇవాళ రాత్రి మిషన్ తీయకండి. మొదటి రోజు సగం కూడా అర్థం కాదు, తల నొప్పిగా ఉంటుంది, అయినా ఉంచుకోండి. అందరూ నవ్వినప్పుడు ఆయనవైపు తిరిగి ‘ఏమన్నారు’ అని అడగండి. ‘ఏం లేదులే’ అంటే మొహం తిప్పుకోకుండా, ‘ఏం లేకపోయినా సరే, చెప్పండి’ అని ఆయన చెప్పేదాకా చూస్తూ కూర్చోండి. చెప్పాక నవ్వు రాకపోతే నవ్వకండి. నెల రోజుల తర్వాత మళ్ళీ రాయండి. ఈసారి ఉత్తరంలో ఆయన గొంతు ఎలా ఉందో ముందు చెప్పండి.