ముందు వెనక్కి వచ్చే దారి చెప్పు

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. కోడింగ్ రానివాళ్లు తమ వెబ్‌సైట్లను తామే దిద్దుకునేలా తెలుగులో రాయాలని పూనుకున్నందుకు చాలా సంతోషం. ఈ పని జరగాలి. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మొదటి వ్యాసాన్ని సీఎస్ఎస్ (వెబ్ పేజీలో రంగులు, అక్షరాల తీరు నిర్ణయించే కోడ్) చరిత్రతో ఎత్తుకున్నావు. 1994లో హాకోన్ లీ ప్రతిపాదించడం, 1996 డిసెంబరులో అది ప్రమాణంగా రావడం, అన్నీ నిజాలే. కానీ చదివేది ఎవరు? ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే ఒకావిడ అనుకో. వర్డ్‌ప్రెస్‌లో రెడీమేడ్ థీమ్ (సైట్ రూపాన్ని నిర్ణయించే నమూనా) పెట్టుకుని సొంతంగా సైట్ చేసుకుంది. ఇప్పుడు బటన్ రంగు మార్చాలి. ఏదో నొక్కితే సైటంతా పోతుందేమో, పండగ ఆర్డర్లు ఆగిపోతాయేమో అన్నదే ఆవిడ టెన్షన్.

ఆ భయం తీర్చాకే కోడ్ ఇవ్వు. వర్డ్‌ప్రెస్‌లో మన సొంత సీఎస్ఎస్ రాసుకునే 'అదనపు సీఎస్ఎస్' పెట్టెలో రాసింది థీమ్ ఫైళ్ల జోలికి పోదనీ, రాసింది తీసేసి మళ్లీ పబ్లిష్ చేస్తే పేజీ పాత రూపానికి వస్తుందనీ మొదటి పేరాలోనే చెప్పు. ఆ పెట్టెలో ముందే ఏమైనా ఉంటే నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసుకోమను. వెనక్కి వచ్చే దారి తెలిసిన మనిషి ధైర్యంగా చెయ్యి పెడుతుంది.

పెట్టె ఎక్కడుందో కూడా సరిగ్గా చెప్పాలి. 2016లో వర్డ్‌ప్రెస్ 4.7 వెర్షన్‌తో అది కస్టమైజర్‌లోకి, అంటే సైట్ రూపం మార్చుకునే తెరలోకి వచ్చింది. బ్లాక్ థీమ్ (సైటంతా బ్లాకులతో కూర్చే కొత్త రకం థీమ్) వాడేవాళ్లకు మామూలుగా ఆ కస్టమైజ్ మెనూనే కనిపించదు. వాళ్లు సైట్ ఎడిటర్‌లో స్టైల్స్‌లోకి వెళ్లాలి. నువ్వు ఒక్క దారే రాశావు. రెండో రకంవాళ్లు మెనూ కోసం వెతికి వెతికి వదిలేస్తారు. ఏ వెర్షన్‌లో చూసి రాశావో తేదీతో సహా పైన వేస్తే ఇంకా మంచిది.

ఇక అసలు సంగతి. సీఎస్ఎస్‌లో తప్పు చేస్తే బ్రౌజర్ ఏమీ అనదు. అర్థం కాని లైను వదిలేసి ముందుకు పోతుంది. ఒక సెమీకోలన్ మరిచిపోతే ఆ లైనే కాదు, దాని కింది లైను కూడా పనిచేయదు. ఎర్ర అక్షరాల హెచ్చరిక ఏదీ రాదు కాబట్టి, పాపం, ఆవిడ తనకే తెలివి లేదనుకుంటుంది. నీ కోడ్‌ను వర్డ్‌లో పెట్టి పంపావు. ఫాంటు పేరుకు ఇరువైపులా ఉన్న నిటారు కోట్లు అందులో వంకర కోట్లయ్యాయి. వాటిని అలాగే పేస్ట్ చేస్తే బ్రౌజర్‌కు ఆ పేరుతో ఫాంటే దొరకదు, వేరేది పెట్టేసుకుంటుంది. ప్రతి వ్యాసంలోనూ కోడ్ కింద 'మార్పు కనిపించకపోతే' అని ఒక పేరా ఉండాలి. సెమీకోలన్, బ్రాకెట్, కోట్లు, చివరగా క్యాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత పేజీ. ఈ నాలుగూ చూసుకోమని చెప్పు, చాలావరకు అక్కడే తేలిపోతుంది.

కోడ్ చిన్నదిగా ఉండాలి. బటన్ రంగుకు నువ్వు పేజీడు కోడ్ ఇచ్చావు, లైను లైనుకూ 'ఇంపార్టెంట్' (మిగతా లైన్లను పక్కకు నెట్టి తన మాటే నెగ్గించుకునే గుర్తు) తగిలించావు. ఇవాళ పని జరుగుతుంది. రేపు ఆవిడే ఇంకో రంగు పెట్టబోతే పాత లైను అడ్డం పడుతుంది, ఎందుకో అర్థం కాదు. ఒక మార్పుకు ఒక ముక్క, దాని నెత్తిన అది ఏం చేస్తుందో తెలుగులో ఒక వ్యాఖ్య. అంతకుమించి వద్దు.

మనవాళ్లకు ఇంగ్లిష్ పాఠాల్లో దొరకనిది ఒకటుంది, అది నువ్వు రాయాలి. చాలా థీముల్లో శీర్షికల లైన్-హైట్ (ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు) 1.2 దగ్గర ఉంటుంది. ఇంగ్లిష్‌కు అది చాలు. 'స్వచ్ఛమైన నేతి పూతరేకులు' అని పెట్టి ఫోన్లో చూడు. శీర్షిక రెండు లైన్లుగా విరిగినప్పుడు పై లైనులోని ఛ వత్తు వచ్చి కింది లైను ఏత్వం మీద కూర్చుంటుంది. అది 1.6 చేస్తే అక్షరాలకు ఊపిరాడుతుంది. ఫాంటును బట్టి కాస్త అటూ ఇటూ జరపమను. పక్కన పిక్సెళ్లని రాయకుండా ఉత్త అంకె ఎందుకివ్వాలో కూడా చెప్పు: అక్షరం సైజు పెంచితే లైన్ల మధ్య ఖాళీ కూడా దాంతోపాటే పెరుగుతుంది. మార్చక ముందు ఒకటి, మార్చాక ఒకటి స్క్రీన్‌షాట్ పెట్టావంటే ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. నీ మూడు వ్యాసాల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు, అదే నాకు వెలితిగా అనిపించింది.

అలాగే 'సింపుల్‌గా', 'జస్ట్' అన్న మాటలు తీసెయ్యి. సింపుల్ అన్న పని తనకు రాకపోతే చదివేవాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

వ్యాసం పూర్తయ్యాక కోడ్ తెలియని మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించు. మీ అమ్మగారైనా సరే. ఎక్కడ ఆగితే అక్కడ నువ్వు నోరు తెరవకు. ఆగిన చోటు రాసుకుని ఆ వాక్యం మార్చు.

బటన్ వ్యాసాన్ని ముందు తిరగరాసి పంపు. శీర్షికల సంగతి విడిగా ఇంకో వ్యాసం చెయ్యి, తొందరేం లేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య