చీమసాలీడా, సాలీడుచీమా?

సందేహం: మా మామిడిచెట్టు మీద అచ్చం ఎర్రచీమలా ఉన్న సాలీడును చూశాను. దీన్ని ఒకచోట ‘చీమసాలీడు’ అనీ, మరోచోట ‘సాలీడుచీమ’ అనీ రాశారు. ఏది సాధువు?

సమాధానం: ‘సాలీడుచీమ’ పనికిరాదు. ఎనిమిది కాళ్ల ప్రాణి చీమ ఎలా అవుతుంది? ‘కలువకన్నుల’ దారిలోనే చీమవంటి సాలీడు చీమసాలీడు. 1839లో ఇలాంటి సాలీళ్ల ప్రజాతికి శాస్త్రలోకంలో పెట్టిన ‘మిర్మరాక్నే’ అనే గ్రీకు పేరుదీ ఇదే వరస.

అసలు తమాషా ‘సాలీడు’ మాటలో ఉంది. సాలెవాడంటే నేతగాడు. అమరకోశంలో అమరసింహుడు సాలీడును లూత, ఊర్ణనాభం, మర్కటకాలతోపాటు ‘తంతువాయం’ అనీ అన్నాడు; అదీ నేతగాడే. మీరు చూసిన సాలీడు మాత్రం వేటకు వల నేయదు, గెంతి పట్టుకుంటుంది. దాని పట్టుదారమంతా తాను దాగే, గుడ్లు పెట్టే చిన్న గూటికే. అది ఎవరి వేషం కట్టిందో ఆ ఎర్రచీమ తన పిల్లపురుగులను నోట కరుచుకుని, వాటి పట్టుతో ఆకులు కుట్టి గూడు కడుతుంది. పేరు ఒకరిది, నేత మరొకరిది! ‘లూత’ మరీ విడ్డూరం. ధూర్జటి ‘ఏ వేదంబు పఠించె లూత’ అంటే మనకు కాళహస్తి సాలీడే తోస్తుంది; తోచాలి కూడా. కానీ సంస్కృత నిఘంటువులు తిరగేయండి: లూతకు సాలీడుతోపాటు చీమ అనే అర్థమూ కనిపిస్తుంది. ఈ వేషగాణ్ణి చూసే అలా రాశారని నేననను. అయినా ముచ్చటేస్తుంది.

‘సాలీడు చీమను అనుకరించడం జరుగుతుంది’ అని రాసేవారు ఈమధ్య పెరిగారు. జరగడమేమిటి? సాలీడే అనుకరిస్తుంది. దాని ముందుభాగంలో పడిన నొక్కు తల, రొమ్ము వేరైనట్టు చూపుతుంది. ముందుకాళ్లు రెండూ మీసాల్లా ఎత్తి ఆడిస్తుంది కాబట్టి నేల మీద ఆరే కాళ్లు కనబడతాయి. మగదాని దవడలు ముందుకు సాగి, చీమ మరో చీమను మోస్తున్నట్టుంటుంది. కరిచే చీమ జోలి మనకెందుకని శత్రువులు తప్పుకుంటాయి.

ఒక చిక్కుంది. ఈ గెంతుసాలీడు వేషం రక్షణకే. పీతసాలీళ్లలో ఒకటి ఇదే చీమ వేషంలో ఆ చీమలనే తింటుంది. దాని పొట్ట చివర కళ్లలాంటి రెండు నల్లచుక్కలుంటాయి, వెనకభాగమే తల అనిపిస్తుంది. రెంటినీ ‘చీమసాలీడు’ అంటే తేడా తెలియదు. రెండోదాన్ని ‘చీమలవేట సాలీడు’ అనవచ్చు గానీ వేషం సంగతి అందులో రాదు. అంతకన్నా పొందికైన మాట దొరికేదాకా దీనితో సరిపెట్టుకుందాం.