ప్రోబ్ పక్కన పెట్టొద్దు కోడలా

అనంతపురం

చి. కోడలికి మామ ఆశీస్సులు.

నువ్వు కర్నూలులో లివర్ ఆపరేషన్లు మొదలుపెడుతున్నావనీ, థియేటర్లోకే అల్ట్రాసౌండ్ తెప్పించుకున్నావనీ అక్క ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయినాను. రాత్రి మాత్రం నిద్ర రాలేదు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. ప్రోబ్, అంటే లివర్ మీద ఆనించి చూసే అల్ట్రాసౌండ్ ముక్క, వేళ్ల సందున ఇమిడేది, 5 నుంచి 10 మెగాహెర్ట్జ్‌ది చాలు. స్టెరైల్ కవర్ లోపల జెల్ వేసి బుడగలు పిండెయ్. లివర్ మీద జెల్ వద్దు, సెలైన్ తడి చాలు. ప్రోబ్ ఒక అంచును వేలితో తాకి తెర మీద ఏ పక్క కదిలిందో చూసుకో. కుడి ఎడమైతే ఇక చూసినదంతా దండగే.

కడుపు తెరవగానే గడ్డ కోసం వెతుకులాడకు. లివర్‌లోంచి రక్తం బయటికి తెచ్చే మూడు హెపాటిక్ వెయిన్లు ఐవీసీలో (గుండెకు పోయే పెద్ద సిరలో) కలిసే చోటు నుంచి ఒక్కోదాన్ని కొసదాకా పట్టుకుపో. తర్వాత పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిర కొమ్మలు. గోడ తెల్లగా మెరిస్తే పోర్టల్, గోడే లేనట్టు నల్లగా పారితే హెపాటిక్. ఫ్రెంచ్ సర్జన్ కుయినో చెప్పిన 8 సెగ్మెంట్లూ (లివర్ భాగాలు) అప్పుడు చేతికందుతాయి. ఆ తర్వాత చెనిక్కాయ చేను దున్నినట్టు సాలు పక్కన సాలు, నడుమ బీడు మిగలకుండా చూడు. వెనకాల దాక్కునే 1వ సెగ్మెంట్‌ను మరవకు.

చేయి బరువు వెయ్యొద్దు. మత్తు డాక్టరు సీవీపీ (గుండె దగ్గరి పెద్ద సిరల్లో రక్తపు ఒత్తిడి) తగ్గించి ఉంచుతాడు కాబట్టి వెయిన్లు ముందే పలచబడి ఉంటాయి. నువ్వు ఒత్తితే మాయమవుతాయి, లేవనుకుంటావు. ప్రోబ్‌కు ఆనుకున్న మొదటి సెంటీమీటరు సరిగ్గా కనబడదు. గోరువెచ్చని సెలైన్ పోసి ప్రోబ్‌ను కాస్త ఎత్తిపట్టు, లేదా అవతలి పక్క నుంచి చూడు. చేత్తో తడమడం మానొద్దు.

ఇక నాకు నిద్ర పట్టనియ్యని సంగతి. కోసే ముందు ఒకసారి చూసి, కాటరీతో (కరెంటుతో కాల్చే పరికరంతో) పైన గీత గీసి, ప్రోబ్‌ను ట్రేలో పడేయడం మా తరం అలవాటు. గీత గడ్డకు 2 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. కానీ లివర్ మెత్తనిది. దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు విడదీసి కింద గుడ్డ ప్యాక్ పెడితే తిరిగిపోతుంది. ప్రోబ్ ఏటవాలుగా పట్టి పెట్టిన గుర్తు కింద కోత నిట్టనిలువుగా దిగదు. ఎడం చేత్తో అంచును లాగే కొద్దీ లోపలి దారి గడ్డ వైపుకే వంగుతుంది. పైన 2 సెంటీమీటర్లు ఉన్నది అడుగున గడ్డను రాసుకుంటూ పోతుంది. అక్కడ రక్తమూ కండా ఒకే రంగు, కంటికేమీ తెలియదు. పాథాలజీ రిపోర్టు వచ్చాకే తెలుస్తుంది.

అందుకే ఒకటి రెండు సెంటీమీటర్లు దిగినప్పుడల్లా ఆగి, మళ్ళీ ప్రోబ్ పెట్టు. కోతలో చేరిన గాలి తెల్లని గీతలా కనబడుతుంది. కనబడకపోతే తడి గాజ్ (పలచని కట్టు గుడ్డ) ముక్కను కోతలోకి దోపి చూడు, దాని గీత తెలుస్తుంది. ఆ గీతకూ గడ్డకూ ఎంత దూరముందో కొలువు. దగ్గరవుతుంటే అక్కడికక్కడే దారి మళ్ళించు, “సీటీలో బాగానే ఉంది కదా మామా” అనకు. సీటీలోది కదలకుండా పడుకున్న లివరు, నీ చేతిలోది తిరిగిపోయిన లివరు.

పెడికిల్ (ఒక భాగానికి పోయే రక్తనాళాల, పైత్యనాళపు కట్ట) తగిలితే వెంటనే కట్ చెయ్యకు తల్లీ. టేపు చుట్టి మెల్లగా లాగు, ఏ కొమ్మ కదులుతోందో తెర మీద తెలుస్తుంది. క్లాంప్ వేసి, మిగలబోయే భాగంలో పోర్టల్ రక్తం పోతోందా, హెపాటిక్ వెయిన్‌లోంచి తిరిగొస్తోందా అని డాప్లర్‌లో (రక్తం పారడం చూపే స్కాన్‌లో) చూడు. రెండూ ఉంటేనే తుంచు. ముక్క బయటికొచ్చాక సెలైన్ గిన్నెలో వేసి దాన్నీ స్కాన్ చెయ్, గడ్డ చుట్టూ మార్జిన్ (గడ్డతో పాటు తీసిన మంచి కండ) ఎంతో తెలుస్తుంది.

తెర నీకు ఎదురుగా ఉండాలి, మెడ తిప్పే పని పడకూడదు. ఆ పొద్దున ఉగ్గాని తినే పో, ఖాళీ కడుపుతో అంతసేపు నిలబడలేవు. సాయంత్రం ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్.

మామ