రన్నింగ్‌లో చల్లగా, సిగ్నల్ దగ్గర వేడిగా

అన్నా, పికప్ ఏసీ హైవే మీద చల్లగా ఉండి ఆగితే వేడి గాలి కొడుతోంది, గ్యాస్ పట్టించినా అంతే అన్నావు కదా, మళ్ళీ గ్యాస్ జోలికి పోకు, ముందు బానెట్ ఎత్తి ఏసీ ఆన్ చేసి కండెన్సర్ (ముందు వైపు ఉండి ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ లాంటిది) ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడు, చెయ్యి మాత్రం దూరంగా పెట్టు. బండి పోతుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లారుస్తది, ఆగితే ఆ పని ఫ్యానే చెయ్యాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ డబ్బా) చూడు, హారన్ రిలే కూడా అదే నంబర్‌దైతే మార్చి పెట్టు, రిలే పోయిందో లేదో తేలిపోద్ది. నా బండికి ఫ్యాన్ బానే ఉంది గానీ కండెన్సర్ రెక్కల్లో వడ్ల పొట్టు, మట్టి గట్టిగా పట్టేసింది, ఇంజిన్ చల్లారాక మామూలు పైపుతో మెల్లగా కడిగా (ప్రెషర్ వాటర్ కొడితే రెక్కలు వంగిపోతాయి), అంతే సెట్టయింది. ఏసీ ఆన్ చేసినప్పుడు కంప్రెసర్ (గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) క్లచ్ టక్కుమని పట్టకపోతే మాత్రం వేరే కథ, గ్యాస్ లీకై తగ్గి ఉండొచ్చు, అప్పుడు లీకు ఎక్కడుందో చూపించాకే గ్యాస్ ఎక్కించమని మెకానిక్‌కి చెప్పు.