ఎనిమిది నెలల పాపకు చేప పెట్టొచ్చా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. పాపకు ఎనిమిది నెలలు. పులుసులో ముక్కను నీళ్లతో కడిగి పాపకు పెడదామంటారు మా ఆయన. ఏడాది నిండేదాకా నీచు ముట్టించొద్దు, వేడి చేస్తుంది అంటారు మా అత్తమ్మ. మా ఆయనకు రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయి, పాపకూ అలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా మా మూడేళ్ల బాబుకు ఈమధ్య గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగించాం. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: పెట్టొచ్చమ్మా. ఆరు నెలలు నిండిన బిడ్డకు మెత్తగా ఉడికించిన చేప పెట్టొచ్చు. ఏడాది దాకా ఆపితే ఎలర్జీ రాదన్న మాట ఒకప్పుడు డాక్టర్లూ చెప్పేవారు, ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. ఆలస్యం చేసినందువల్ల ఎలర్జీ తగ్గదు. 6 నుంచి 23 నెలల పిల్లలకు మాంసం, చేప, గుడ్డు లాంటివి రోజూ అందాలని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. పుట్టుకతో తెచ్చుకున్న ఐరన్ నిల్వ ఆరు నెలలకు తరిగిపోతుంది, తల్లిపాలలో ఉండేది ఆ వయసుకు చాలదు. మన దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. సముద్రం పక్కనే ఉండి కూడా ఉత్త చారన్నం, బిస్కెట్లతో పెరుగుతున్న పిల్లల్ని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. చేప ఒక్కదానితో రక్తం పట్టేయదు గానీ, పప్పులో, ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది. మెదడు ఎదుగుదలకు కావాల్సిన ఒమేగా-3 కొవ్వు, బి12, అయోడిన్ కూడా దాంట్లో ఉన్నాయి. వేడి చేస్తుందన్న భయం అక్కర్లేదని అత్తమ్మకు నా మాటగా చెప్పండి.

ఇక మీ ఆయన మాట. పులుసులో ముక్క వద్దు. ఎంత కడిగినా కారం, పులుపు, ఉప్పు లోపలికి దిగే ఉంటాయి. ఏడాది లోపు బిడ్డకు వేరే ఉప్పు వేయాల్సిన అవసరమే లేదు. మన పులుసు మర్నాటికే రుచి, నిజమే. కానీ రాత్రంతా బయట ఉన్న ముక్క పసిబిడ్డ కడుపుకు మంచిది కాదు. చేపలు కడిగి ముక్కలు కోయగానే, మసాలా తగలకముందే, పాప ముక్క పక్కకు తీయండి. ఇడ్లీ పాత్రలో పెట్టి, లోపలి దాకా తెల్లబడి పొరలుగా విడిపోయే వరకు ఆవిరి మీద ఉడికించండి.

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. తోలు, నడి ముల్లు తీసేసి, తెల్లటి పళ్లెంలో మంచి వెలుతురులో కొంచెం కొంచెంగా వేళ్ల మధ్య నలపండి. కంటికి దొరకని ముల్లు వేలికి తగులుతుంది. ఒకసారి మీరు, ఇంకోసారి అత్తమ్మ చూస్తే ఇంకా మంచిది. ముళ్లు తీయకుండా మిక్సీలో మాత్రం వేయొద్దు. మిక్సీలో ముల్లు పోదు, కనపడని ముక్కలవుతుంది. అలా నలిపిన చేపను మెత్తటి పప్పన్నంలో కలపండి. మొదటి రోజు ఒక టీ స్పూను చాలు. బాగా పడితే మెల్లగా రెండు మూడు స్పూన్లకు పెంచండి. ఏడాది దాటాక ఒక్కో పూటకు 30 గ్రాముల చొప్పున, వారానికి రెండు సార్లు పెట్టండి. మిగతా రోజుల్లో గుడ్డు, కోడి మాంసం ఉండనే ఉన్నాయి.

ఏ చేప అంటే, మొదలుపెట్టడానికి చందువ, పండుగప్ప, కొరమీను బాగుంటాయి. బొచ్చె, శీలావతి మంచివే గానీ కండలో రెండుగా చీలిన సన్న ముళ్లుంటాయి, తోక వైపు మరీ ఎక్కువ. పసిపిల్లలకు నేనైతే వాటిని వద్దంటాను. సొర, పెద్ద తూర లాంటి వేటచేపల్లో పాదరసం పేరుకుంటుంది, అవీ వద్దు. పాలు పడతాయని బాలింతలకు పాలసొర వండిపెట్టడం మన తీరంలో మామూలే. మీరు ఇంకా పాలిస్తున్నారు కాబట్టి మీరు కూడా దాన్ని మానేయండి. ఎప్పుడో ఒకసారి తిన్నానని మాత్రం దిగులు పడొద్దు. ఉప్పు చేప, ఎండు చేప ఇప్పుడే వద్దు.

చేప తాజాగా ఉండాలి. కానాగంతలు, కవళ్లు ఐస్ లేకుండా కొన్ని గంటలు ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. ఎలర్జీ అనుకుని ఇక చేపే మానేసేవాళ్లు ఉన్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలు సముద్రపు చేప ఎన్నాళ్లుగా నిల్వ ఉందో అడిగి కొనండి, లేదంటే బతికున్న కొరమీను తెచ్చుకోండి.

రొయ్య వేరు, చేప వేరు. వాటి ఎలర్జీకి కారణమయ్యే ప్రొటీన్లు కూడా వేరు. వాళ్ల నాన్నకు రొయ్యలు పడకపోయినంత మాత్రాన పాపకు చేప ఆపక్కర్లేదు. కాకపోతే మొదటిసారి ఉదయం పూట, జలుబు, జ్వరం లేని రోజున పెట్టండి. తర్వాత రెండు మూడు రోజులు ఇంకే కొత్త పదార్థమూ పెట్టకండి. తిన్న రెండు గంటల లోపు ఒంటి మీద దద్దుర్లు వస్తే చేప ఆపి డాక్టరుకు చూపించండి. పెదవులు వాచినా, ఆగకుండా వాంతులైనా, ఆయాసం వచ్చినా వెంటనే 108కు ఫోన్ చేయండి. పాపకు ఒంటి నిండా ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉంటే మాత్రం ముందు మీ పిల్లల డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి.

బాబు విషయంలో అదృష్టం బాగుంది. ఇంకోసారి అన్నం ముద్ద గానీ, అరటిపండు గానీ మింగించకండి. ముల్లు ఇంకా లోతుకు దిగుతుంది. గొంతులోకి వేలు పెట్టి వెతకొద్దు. నొప్పి తగ్గకపోయినా, చొంగ కారుతున్నా, మింగలేకపోతున్నా అదే రోజు చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు వెళ్లండి. పాప ఏదైనా మింగి ఊపిరి ఆడక, ఏడుపు కూడా బయటికి రాకపోతే బోర్లా మీ ముంజేయి మీద, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు సార్లు గట్టిగా తట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మధ్యలో ఒక అరచేతి మడమతో ఐదు సార్లు నొక్కండి. అడ్డం పోయేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూనే ఉండండి, ఈలోగా ఇంట్లో ఇంకొకరితో 108కు ఫోన్ చేయించండి.